చక్కెర వేయని ఫలహారం

మా ఇంట్లో భక్తి ఒక్కసారిగా పెరిగిన రోజులు కొన్ని ఉన్నాయి. పెరిగింది నాలో కాదు. నాది ఎప్పుడూ ఉన్నంతే ఉంది. మావారిలో పెరిగింది. అందుకు కారణం బిస్కెట్ పొట్లాల వెనక అచ్చువేసే చీమతలకాయలంత అక్షరాలని తెలుసుకునేలోపు, దేవుడికి నేను చాలాసార్లు కృతజ్ఞతలు చెప్పేశాను. వాటిని వెనక్కి తీసుకోలేదు. ఇచ్చినదాన్ని అడగడం మర్యాద కాదు.

మావారు పోర్టులో సరుకు ఎగుమతి దిగుమతులు చూసే ఒక ప్రైవేటు కంపెనీలో క్రేన్ ఆపరేటరు. వాళ్ల నాన్నగారిది భీమిలి వైపు తీరం, వేట. పడవ అమ్మేశాక కుటుంబమంతా మల్కాపురం వచ్చి స్థిరపడింది. మావారు ఇంట్లో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కూర బాగుంటే ఇంకాస్త వేసుకుంటారు, బాగోకపోతే నీళ్లు ఎక్కువ తాగుతారు, అంతే. కానీ క్రేన్ పైనున్న ఆ అద్దాల గది సంగతి ఎత్తితే మాత్రం ఆపడం కష్టం. ఏ ఓడ లంగరు వేసి ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో, ఏ ఓడ నీళ్లలో ఎంత లోతుగా కూర్చుందో, డాల్ఫిన్ కొండ పక్కనుంచి మబ్బు ఎలా దిగిందో చెబుతూ చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోతారు. వాళ్ల నాన్న సముద్రాన్ని కిందనుంచి చూశారు, ఈయన పైనుంచి చూస్తున్నారు. ఆ కుర్చీ ఆయనకు ఉద్యోగం మాత్రమే కాదని నాకు తెలుసు.

ఏటా కంపెనీ డాక్టరు వీళ్లందరికీ పరీక్షలు చేస్తాడు. ఆ యేడు మావారి రక్తంలో చక్కెర తేలింది.

"మూడు నెలలు టైమిచ్చాడు," అన్నారు ఇంటికొచ్చి, చొక్కా విప్పుతూ. "మూడు నెలల సగటు సూసే పరీక్ష ఒకటుందంట. మళ్లీ సేత్తారు. తగ్గకపోతే కిందకి దింపెత్తారు."

"ఎక్కడినుంచి?"

"ఎక్కడినుంచేటి, క్రేన్లోంచి. పైన కళ్లు తిరిగితే కిందున్నోడి గతేటన్నాడు. ఆడన్నదీ నిజమే."

మా అత్తగారు గడపలో కూర్చుని ఎండుచేపలకు తలలు తుంచుతున్నారు. చేతిలో పని ఆపకుండానే, "పంచదారకీ క్రేనుకీ ఏటిరా సమ్మందం?" అన్నారు. "మీ అయ్య బెల్లంముక్క నోట్లో ఏసుకోకండా పడవెక్కేవోడు కాదు. ఆడికేటొచ్చింది?"

"అయ్య తెడ్డేసేవోడమ్మా. నాను కుర్సీలో కూకుంతాను."

ఆ మాటలోనే మందంతా ఉంది. కానీ ఇంట్లో మగవాళ్లు పొరపాటున చెప్పిన నిజాన్ని ఎవరు పట్టించుకుంటారు? నేను మాత్రలు వేళకు వేయడం, టీలో పంచదార మానేయడం మొదలుపెట్టి, మా ఆడపడుచుకు ఫోన్ చేశాను.

మా ఆడపడుచు మధురవాడలో ఉంటుంది, కంప్యూటరు ఉద్యోగం. మాటలో సగం ఆఫీసుది, సగం మల్కాపురంది. కోపమొస్తే మొత్తం మల్కాపురందే. ఆదివారం నన్ను వాళ్ల ఇంటి దగ్గరున్న పెద్ద సూపర్‌మార్కెట్‌కు తీసుకెళ్లింది.

"వదినా, అసలు నువ్వు కొనేటప్పుడు ఏం చూసి కొంటావు?"

నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఎవరి పద్ధతి వాళ్లది. మా అత్తగారికి చదువు రాదు, బొమ్మ చూసి కొంటారు. ఆవు బొమ్మ ఉంటే బలమని, పిల్లాడు కండలు చూపిస్తుంటే మరీ బలమని నమ్మకం. మావారు పొట్లాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూస్తారు, గలగలమంటే తాజా. నేను ఆకుపచ్చ చుక్క చూస్తాను. అది ఉంటే దేవుడి గదిలోకి తీసుకెళ్లవచ్చు. అంతకుమించి ఒక పొట్లం నాతో ఏమైనా చెప్పదలుచుకుందని నాకు ఎన్నడూ తోచలేదు.

"ముందువైపు బొమ్మలు వాళ్లు మనకి చెప్పాలనుకున్నవి," అంది ఆడపడుచు. "వెనకవైపు రాసింది గవర్నమెంటు వాళ్లచేత బలవంతంగా చెప్పించినవి. నువ్వు వెనక చదువు. నీకు చదవడమంటే ఇష్టమే కదా?"

ఇష్టమే. నేను బడికి వెళ్లలేదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగూ, లెక్కలూ, కొద్దిపాటి ఇంగ్లీషూ నేర్పారు. చదవడమంటే ఆయన దృష్టిలో అక్షరం కింద వేలు పెట్టి, ఒక్కటి కూడా మింగకుండా పైకి చదవడం. ఒకటి మింగితే మళ్లీ మొదటినుంచి. నాకు తెలిసిన చదువు అదొక్కటే. ఆ సూపర్‌మార్కెట్ మధ్యలో నిలబడి, బిస్కెట్ పొట్లం వెనక వేలు పెట్టి, "కార్-బో-హై-డ్రేట్" అని పైకి చదువుతుంటే నా వెనక ట్రాలీలు బారులు తీరాయి. ఒకాయన చేతులు జోడించబోయి ఆగాడు. ఏదో పారాయణ అనుకున్నాడేమో.

"అమ్మా తల్లీ, అన్నీ వద్దు," అంది ఆడపడుచు, నా మోచెయ్యి పట్టుకుని. "అన్నయ్యకి సుగర్ కదా, నువ్వు సుగర్ అన్న గీత చూడు. అక్కడ సున్నా ఉంటే బుట్టలో పడెయ్. ఇదిగో చూడు, చక్కెర కలపలేదు. సున్నా. ఇంకా దీంట్లో మల్టీగ్రెయిన్, ఫైబర్."

ఆమె బుట్టలో మాత్రం నూనెలో వేయించని చిప్సుల సంచులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. వేయించనివి కాబట్టి ఎన్నయినా కొనవచ్చట. అది నాకు అప్పుడు వింతగా అనిపించలేదు.

ఇంటికొచ్చేసరికి మా వంటింటి అలమరలో ఒక అర మొత్తం నిండింది. చక్కెర లేని బిస్కెట్లు, చిరుధాన్యాల నూడుల్స్, ఓట్స్‌తో చేసిన అట్లపొడి, పీచు పుష్కలంగా ఉందని గుండె బొమ్మ వేసిన రస్కులు. సాయంత్రం దీపం పెట్టాక ఒక్కొక్క పొట్లం తీసి ఇంట్లోవాళ్లకు చదివి వినిపించాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఏ స్తోత్రం చదివినా అంత శ్రద్ధగా వినని మావారు, మంచం దిగి వచ్చి నేలమీద కూర్చున్నారు.

"మళ్లీ సదువు."

"కలిపిన చక్కెర, సున్నా."

"సున్నాయేనా? సరిగ్గా సూడు."

"సున్నాయే."

"మరైతే దీన్ని తినొచ్చన్నమాట," అని ఎంతో వినయంగా ఒకటి నోట్లో వేసుకున్నారు. తర్వాత ఇంకొకటి. సున్నాకు సున్నా కలిపితే ఎంతో లెక్కలు నేర్చుకున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అత్తగారు ఒక రస్కు టీలో ముంచి పరీక్షించారు. "నాకు సుగర్ నేదు గానీ, రాకండా ఉంటాదని," అన్నారు.

అసలు భక్తి సంగతి ఇక్కడ మొదలవుతుంది. మా వైపు శనివారం సింహాచలం అప్పన్నస్వామికి ఒక్కపొద్దు ఉండటం చాలామందికి అలవాటు. పగలు భోజనం, రాత్రికి అన్నం ముట్టకుండా ఫలహారం. ఫలహారమంటే ఏదైనా కావచ్చు, అన్నం ఒక్కటీ కాకూడదు. ఉప్మా, అట్లు, అరటిపళ్లు, పాలు, ఎంతైనా. మా ఇళ్లలో అన్నం తినకపోతే ఏమీ తిననట్టే లెక్క. పది అట్లు తిన్న మనిషి కూడా "పాపం, ఒక్కపొద్దు, నీరసంగా ఉన్నాడు" అనిపించుకుంటాడు. దేవుడికి ఈ లెక్క తెలియక కాదు. పిల్లలు దొంగాట ఆడుతుంటే పెద్దవాళ్లు చూడనట్టు ఉంటారే, అలా ఊరుకుంటాడని నా నమ్మకం.

డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. అన్నం తగ్గించడానికి మనకు తెలిసిన దారి ఒక్కపొద్దు. ఆ వారమే మావారు శనివారం పట్టారు. రాత్రికి చిరుధాన్యాల నూడుల్స్ చేసి పెట్టాను, తర్వాత బిస్కెట్లు, పడుకునేముందు రస్కులూ పాలూ. చక్కెర ఎక్కడా లేదు. అన్నమూ లేదు. మావారి మొహం ఎంత ప్రశాంతంగా ఉందో!

ఆ తర్వాత వారం సోమవారం కూడా ఉంటానన్నారు, శివుడికి. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ నేను ఉపవాసాలుంటే "ఒంట్లో ఓపిక లేనిదానివి, నీకెందుకే" అన్న మనిషి! మరి కొన్నాళ్లకు మంగళవారం ఆంజనేయస్వామికి. గురువారం ఎవరికని అడిగితే, "గురువుకి" అన్నారు. ఏ గురువని అడగలేదు, అడిగితే మానేస్తారేమోనని. శుక్రవారం నాది, అమ్మవారికి నేను ఉండే రోజు. ఒకనాడు అందులోకి కూడా వచ్చి నా పక్కన పీట వేసుకున్నారు. నేను సింహాచలం వెళ్లి, మా ఇంటి యజమానికి ఈ బుద్ధి పుట్టించినందుకు స్వామికి దండం పెట్టుకుని వచ్చాను.

"ఒలే కోడలా," అన్నారు అత్తగారు ఒక సాయంత్రం, అటూ ఇటూ చూసి. "నీ మొగుడు ఒక్కపొద్దున్న రోజున నాలుగు పొద్దులు తింతన్నాడే!"

"అది ఫలహారం అత్తా. దాని మీద రాసుంది."

"ఏటి రాసుంది? నా కొడుకు పేరెట్టి, ఎంత కావాలంటే అంత తినెయ్ అని రాసుందా?"

"చక్కెర నేదని రాసుంది."

"రాళ్లలో కూడా సెక్కెరుండదు. అలగని తింతామేటి?" అని, ఆవిడ తన వంతు రస్కు టీలో ముంచుకున్నారు. వాదన ఏదైనా రస్కు రస్కే.

ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజుల్లో మా ఇంట్లో నడిచిన తర్కం ఎంత చక్కగా ఉందో అనిపిస్తుంది. అన్నం కాదు కాబట్టి అది తిండి కాదు. చక్కెర లేదు కాబట్టి అది తీపి కాదు. తిండీ తీపీ కానిదాన్ని ఎంత తిన్నా తప్పేముంది? ఒక సగం మా పెద్దలు నేర్పింది, ఇంకో సగం పొట్లం నేర్పింది. రెండూ కలిసి మావారి కడుపులో ఇమిడిపోయాయి. మధ్యాహ్నం డ్యూటీలో ఆకలేస్తే ఉంటుందని రెండు పొట్లాలు క్రేన్ గదిలోకి కూడా తీసుకెళ్లేవారు. పైన కూర్చుని, సముద్రాన్ని చూస్తూ, ఒక్కొక్కటీ. కిందనుంచి తోటివాళ్లు వాకీటాకీలో, "బావా, కొండమీద సాములోరికి నైవేద్యం అయిందేటి?" అని ఆటపట్టించేవారట. ఆయన నవ్వుతూ చెప్పేవారు, నేనూ నవ్వేదాన్ని.

మూడు నెలలు అయ్యాయి. పరీక్షకు వెళ్లిన రోజు మావారు పొద్దున్నే తలకు పోసుకుని, బొట్టు పెట్టుకుని వెళ్లారు. నేను పరమాన్నం చేద్దామా అనుకుని, చక్కెర సంగతి గుర్తొచ్చి ఆగి, చక్కెర లేని పొడితో ఏదో చేశాను.

మధ్యాహ్నానికే తిరిగి వచ్చారు. చెప్పులు విప్పకుండా మెట్టుమీదే కూర్చున్నారు. రిఫైనరీ వైపు నుంచి గాలి వీస్తోంది. ఆ వాసనకు మేమంతా ఎప్పుడో అలవాటు పడిపోయాం, అయినా ఆ రోజు ఆయన ముక్కు మూసుకున్నారు.

"పెరిగింది," అన్నారు.

"అప్పటికంటేనా?"

"అప్పటికంటే."

మా అత్తగారు టీలో ముంచిన రస్కు చేతిలో ఉండగానే తలుపు దగ్గరికి వచ్చారు.

"సోమారం నుంచి యార్డులో పని. కంటైనర్ల మద్దిలో తిరిగి సీళ్లు సూసుకోవాల. మూడు నెలల తరవాత మళ్లీ సూత్తామన్నారు. అప్పుడూ ఇంతే అయితే ఇంక ఆ కుర్సీ ఇంకొకడికి." కాసేపాగి నా వైపు చూశారు. నింద ఏమీ లేదు ఆ చూపులో, నిజంగా అర్థంకాని మనిషి అడిగినట్టు అడిగారు. "సున్నా అని రాసుంది కదే?"

లోపలికి వెళ్లి పొట్లం తీసి, వేలు పెట్టి మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. అర్థంకాని చోట ఆడపడుచుకు ఫోన్ చేశాను.

"వదినా, అందులో రెండు వరసలుంటాయి. ఒకటి వంద గ్రాములకి, ఒకటి ఒక సర్వింగ్‌కి. సర్వింగ్ అంటే ఎంతని రాశాడు?"

"రెండు బిస్కెట్లు."

"అన్నయ్య ఎన్ని తింటున్నాడు?"

"మామూలు రోజా, ఒక్కపొద్దు రోజా?"

"రెండూ చెప్పు."

"మామూలు రోజులు ఇప్పుడు పెద్దగా లేవమ్మా. ఒక్కపొద్దు రోజైతే పొట్లం."

"రోజుకి పొట్లమా?"

"రోజుకి కాదు. కూర్చున్నప్పుడల్లా."

అటువైపు ఆఫీసు భాష మొత్తం ఎగిరిపోయింది. "ఓలమ్మో! నాను సున్నా సూడమన్నాను గానీ సున్నాలు మెయ్యమన్నానేటే వదినా? పదార్థాలు సదువు. ముందు ఏటి రాసాడు?"

"మైదా."

"తరవాత?"

"నూనె. తర్వాత ఏదో పిండి, పేరు నోరు తిరగడం లేదు."

"చిరుధాన్యాలెక్కడున్నాయి?"

వేలు దించుకుంటూ వెళ్లాను. "ఉన్నాయి, ఉన్నాయి. ఉప్పుకు కాస్త పైన."

"ఏది ఎక్కువేత్తే అది ముందు రాత్తారు వదినా. అదంతా మైదాయే. కడుపులోకెళ్లాక అదీ సెక్కెరే అవుతాది. కార్బోహైడ్రేట్ అన్న గీత సదవలేదా నువ్వు?"

"చదివాను. అందరికంటే ముందు అదే పైకి చదివాను. నువ్వే అది వద్దని చక్కెర గీత చూడమన్నావు."

పొట్లం ఒక్క అబద్ధం ఆడలేదు, అన్నీ అక్కడే రాసి ఉన్నాయి. నేను అక్షరం మింగకుండా చదివాను, మావారు ముక్క మిగల్చకుండా తిన్నారు. ఎవరి పని వాళ్లు నిష్ఠగా చేశాం.

మిగిలిన పొట్లాలు పారేయడానికి నాకు చేతులు రాలేదు, తినే వస్తువు కదా. ఆడపడుచు వచ్చి వాటన్నిటినీ తన ఆఫీసుకు పట్టుకెళ్లింది. టీ గదిలో పెట్టిన కాసేపటికే అయిపోయాయట. అంతా చదువుకున్న పిల్లలు. ముందువైపు చదివి ఉంటారు.

అలమర అర ఖాళీ చేయడం సులువే. మావారి క్యాలెండరు ఖాళీ చేయడం అంత సులువు కాలేదు. డాక్టరు ఉపవాసాలు వద్దని, వేళకు కొద్దికొద్దిగా అన్నమూ కూరా తినమని చెప్పాడు. మావారికి భయం పట్టుకుంది.

"మొదలెట్టి మానేత్తే అప్పన్న ఏటనుకుంతాడే?"

"మొక్కుకున్నారా?"

"మొక్కలేదు గానీ, నోటితో అన్నాను కదా."

"ఇన్నాళ్లూ మీరు ఉపాసం పేరు సెప్పి ఏటి తిన్నారో ఆయనకి తెలీదేటండీ? తెలిసీ ఊరుకున్నోడు, మానేత్తే కోప్పడతాడా?"

అత్తగారు అందుకున్నారు. "ఆయన కోప్పడడురా. నువ్వు మానేసేవని తెలిత్తే కొబ్బరికాయ కొట్టుకుంతాడు."

అలా ముందు గురువారం పోయింది, ఆ గురువెవరో చివరిదాకా తెలియలేదు. తర్వాత మంగళవారం, సోమవారం. శుక్రవారం నా పక్కనుంచి పీట తీసేశారు. ఆఖరున శనివారం కూడా వెళ్లిపోయింది. భక్తి తగ్గుతూ వచ్చిన ఆ రోజుల్లో నేను పూజగదిలో కూర్చుని, మావారికి ఇంకాస్త తక్కువ భక్తి ఇవ్వమని కోరుకున్నాను. అలాంటి కోరిక స్వామి ముందు ఇంకెవరైనా పెట్టి ఉంటారా అని ఒకసారి నవ్వొచ్చింది.

కానీ ఆ మూడు నెలలూ నవ్వుతూ గడవలేదు. యార్డులో పనంటే పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఇనుప పెట్టెల సందుల్లో నడవడం. పైన ఎండ, పక్కన వేడెక్కిన ఇనుము, కాళ్లకింద దుమ్ము. మావారు వచ్చేసరికి చొక్కా రంగు మారిపోయి ఉండేది. మొదటివారం అరికాళ్లు పొక్కిపోతే కొబ్బరినూనె రాశాను. ఇంట్లో అన్నం ఒకే గరిటెతో కొలిచి పెట్టేదాన్ని, కూర ఎక్కువ, చేపల పులుసు, రాత్రికి రాగిపిండితో రెండు చోడిరొట్టెలు. ఏది పెడితే అది తిని లేచిపోయేవారు. అవన్నీ సర్దుకున్నాయి. సర్దుకోనిదల్లా ఆయన మౌనం. ఒక్క ఓడ గురించి కూడా మాట్లాడలేదు.

"ఇయ్యాల ఏ ఓడొచ్చిందండీ?" అని ఒకసారి నేనే అడిగాను.

"నాకేటి కనపడతాది? ఇటు సూత్తే పెట్టె, అటు సూత్తే పెట్టె," అన్నారు. "సముద్రం ఎటుందో వాసన బట్టి తెలుసుకోవాల."

తోటివాళ్లు ఆయన వెళుతుంటే, "కొండ దిగిన సామీ, దరిసనం మాకేనా ఇంక?" అని అరిచేవారట. ముందు అదే హాస్యానికి నవ్విన మనిషి ఇప్పుడు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవారు. ప్యాంటు నడుము దగ్గర వదులైంది. అత్తగారు అది చూసి నన్ను కొట్టినంత పని చేశారు.

"బిడ్డ ఎండిపోతన్నాడే! గరిటెట్టి కొలిసి పెడతన్నావు, మొగుడికా, సిలకకా?"

"సగటు తగ్గాలి అత్తా."

"సగటు తగ్గేలోపు మనిసి తగ్గిపోతాడు."

నాకూ లోపల భయంగానే ఉండేది. మళ్లీ పెరిగితే? ఆ కుర్చీలో వేరే మనిషి కూర్చుంటే, ఈ మనిషి మిగతా బతుకంతా ఇలా గోడవైపే తిరిగి పడుకుంటాడా? దేవుడి ముందు కూర్చున్నా ఆ ప్రశ్నే వచ్చి నిలబడేది. ఇంత తిండి దొరికే ఇంట్లో, ఏం తినాలో తెలియక భయపడుతున్నాం కదా అని సిగ్గు కూడా వేసేది.

రెండోసారి పరీక్షకు మావారు తలస్నానం చేయలేదు, బొట్టు పెట్టుకోలేదు. మామూలు రోజులాగే వెళ్లారు. నేను కూడా ఏదీ వండి ఎదురుచూడలేదు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పి, పద్ధతిగా గోడకు ఆనించి పెట్టి, లోపలికొచ్చి కూర్చున్నారు.

"తగ్గింది. సానా తగ్గిందంట."

అత్తగారు రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టి, వెంటనే, "మరి ఇప్పుడైనా కడుపు నిండా పెట్టవే!" అన్నారు.

"డాక్టరు ఏటి సేసేవని అడిగాడు," అన్నారు మావారు. "నాను నీ కోడలి గరిటని సెప్పలేదమ్మా. నడిసేనండీ అన్నాను. 'కరెక్ట్, ఆ నడకే నిన్ను కాపాడింది, మళ్లీ క్రేన్ ఎక్కొచ్చు' అన్నాడు."

సంతోషించాల్సిన చోట ఆయన తన అరికాళ్లు చూసుకున్నారు. నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. దించేసినందువల్ల తగ్గింది. తగ్గినందుకు బహుమానంగా మళ్లీ కుర్చీలో కూర్చోబెడతారు. కూర్చుంటే పెరుగుతుంది. పొట్లం వెనక రాతలకంటే మెలికగా ఉంది ఈ లెక్క.

"కిందుంటే తగ్గుతాది, పైనుంటే పెరుగుతాది," అన్నారు. "యార్డులోనే ఉండిపోవాలంటే ఉండిపోవచ్చంట. జీతంలో పెద్ద తేడా నేదు. ఏటి సెయ్యమంటావు?"

పెళ్లయిన తర్వాత ఆయన నన్ను ఒక సంగతి అలా అడగడం అదే మొదలు. బుద్ధి ఉన్న ఇల్లాలు ఉండిపొమ్మని చెప్పాలి. ఆరోగ్యం, ఆయుష్షు, అన్నీ కిందే ఉన్నాయి. నేను ఆయన మొహం చూశాను. జవాబు కోసం చూస్తున్న మొహం కాదది. కాదంటానేమోనని బెదిరిన మొహం.

"ఎక్కండి," అన్నాను. "కానీ గేటు దగ్గర కంపెనీ వేను ఎక్కొద్దు. అక్కడనుంచి క్రేన్ దాకా నడిసి ఎల్లండి, నడిసి రండి. తోటోళ్లు ఏటన్నా అననీండి."

"ఎండలోనా?"

"మూడు నెలలు ఎండలో తిరిగింది ఎవులండీ?"

ఆ రాత్రి ఆయన గోడవైపు తిరగలేదు.

క్రేన్ ఎక్కే రోజు పొద్దున నేను కేరియరు సర్దుతుంటే వచ్చి వెనక నిలబడ్డారు. అన్నం, వంకాయ కూర, మజ్జిగ.

"ఇది ఎంత?"

"గరిటెడు."

"సాల్దు. ఇంకో ముద్దెట్టు."

"అర ముద్ద."

"అర ముద్దయినా ఎట్టవే. ఇయ్యాల పైకెల్తన్నాను," అన్నారు, పెళ్లికి వెళుతున్నవాడిలా.

అర ముద్ద పెట్టాను. సందు చివరిదాకా బండిమీద కాకుండా బండి తోసుకుంటూ వెళ్లారు. నడక ఇంటి దగ్గరినుంచే మొదలుపెట్టినట్టు నాకు చూపించడానికి. మలుపు తిరిగాక ఎక్కి ఉంటారు. అక్కడిదాకా నేను వెళ్లి చూడలేదు.

సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని, పీట వేసుకుని, నేను కంచం పెట్టేలోపే మొదలుపెట్టారు. బయట లంగరు వేసిన ఓడలు ఐదో ఆరో ఉన్నాయట. అందులో ఒకటి ఎర్రది, కొత్త రంగు వేశారట. ఎంత బరువుందో, నీళ్లు ఇంతదాకా వచ్చేశాయని కంచం అంచుమీద వేలితో గీసి చూపించారు. ఈ మూడు నెలల్లో కొండ పక్కన ఇసుక మేట పెరిగిందట. ఒక పడవ భీమిలి వైపు నుంచి వచ్చి, ఎవరిదో తెలియదుగానీ, మన పడవ నడకే నడిచిందట.

అన్నం చల్లారిపోయింది. పులుసు మీద తెట్టు కట్టింది.

"తిని సెప్పరా," అన్నారు అత్తగారు. "ఓడ ఎక్కడికీ పోదు."

"పోతాదమ్మా. రేపు పొద్దునకి లోనికి తెత్తారు దాన్ని. నానే దించాల సరుకు," అని, రెండు ముద్దలు తిని, మళ్లీ ఆ ఎర్ర ఓడ దగ్గరికే వెళ్లిపోయారు. నేను కంచం పక్కనే కూర్చుని వింటూ ఉన్నాను.